జెట్టీ మీద అడగవలసిన మాట

“బుకింగయితే అయింది జాన్ సాబ్. పోయేది మాత్రం నువ్వు గాదు,” అన్నాడు మధుసూదన్, ముఖం చూడకుండా.

జాన్ సాహెబ్ చేతిలోని ఇత్తడి రీలును తిప్పుతూనే ఉన్నాడు. ఏడాదిగా అద్దాల బీరువాలో పడి ఉన్న రీలది. చిలుం పట్టి కిర్రుమంటోంది. చుక్క నూనె వేసి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, మరో చుక్క వేశాడు. విన్న మాటను విననట్టు ఊరుకోవాలంటే చేతిలో ఏదో ఒక పని ఉండాలి.

ఒకప్పుడు సికింద్రాబాదు కంటోన్మెంటులో ఆ దుకాణం తెలియని దొర లేడు. తుపాకులూ తూటాలూ గాలాలూ అమ్మేవాడు మధుసూదన్. దొరలకు సముద్రపు చేప మీదికి మనసు పోతే బందరు ప్రయాణం కూడా అతడే కుదిర్చేవాడు. రైలు పెట్టె, బంగళా, వంటమనిషి, అన్నీ. వెంట వెళ్ళి, జెట్టీ మీద నిలబడి, ఎర గుచ్చి ఇచ్చి, ఎక్కడ వేయాలో ఎప్పుడు లాగాలో చెప్పే మనిషి జాన్ సాహెబ్. ఆ దొరలు ఓడలెక్కి వెళ్ళిపోయారు. ఆ తరవాత నిజాముకూ ఇండియన్ యూనియన్‌కూ చెడి సరిహద్దు మూతపడింది. ఇప్పుడు పోలీసు చర్య జరిగి నెల దాటింది. దుకాణంలో తుపాకులు జప్తయ్యాయి, దారులు తెరుచుకున్నాయి, కొత్త మిలిటరీ మేజరొకాయన వచ్చి బందరు జెట్టీ మీద గాలం వేయాలన్నాడు. ఆ కబురు విన్నప్పటినుంచి జాన్ సాహెబ్‌కు కాలు నిలవలేదు.

“ఎందుకు గాదు సేఠ్?”

“నా నోటితోనే చెప్పిస్తవా? గడ్డమూ టోపీ ఉన్న మనిషిని ఇయ్యాల రేపు మిలిటరీ ఆఫీసరు వెంబడి రైలెక్కిస్తే కాజీపేట దాటకముందే దింపుతరు. నిన్ను దింపి ఊకుంటరా? నా దుకాణానికి తాళమేస్తరు.”

“గడ్డం తీసేస్తా సేఠ్.”

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో జాన్ సాహెబ్‌కే తెలియలేదు. మధుసూదన్ అప్పుడు తలెత్తి చూశాడు. పాపం, చెడ్డవాడు కాదు, భయస్తుడు. భయస్తుల వల్ల జరిగే చెడు కూడా చెడే గాని, వాళ్ళ మీద కోపం నిలవదు.

“పేరు సుత తీసేస్తవా జాన్ సాబ్?” అన్నాడు మెల్లగా. “హుసేన్ సాగర్ల వల వేసే భద్రయ్య లేడూ, మీ బోయిగూడాయన, గాయనతోని మాట్లాడిన. శనివారం రైలు. ఈలోపల నువ్వు జెర నేర్పు.”

జాన్ సాహెబ్ రీలును బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్ళు నిలబడ్డ చోటు నుంచి తోసేసి, తోసినవాడి చేతికే తన పనిముట్లు అందించమంటున్నారు. మరో రోజయితే మెట్లు దిగి వెళ్ళిపోయేవాడే. కాని ఆ మేజరు చెవిన ఒక్క మాట పడాలి. లోకో షెడ్డులో పనిచేసే కొడుకు షంషీర్‌ను ఖాకీ చొక్కాతో ఇంటికి వస్తుండగా పట్టుకుపోయారు. రజాకార్ల చొక్కా ఏ రంగో షెడ్డువాళ్ళ చొక్కాదీ అదే రంగు. అల్వాల్ అవతల కంచె వేసిన బ్యారకుల్లో ఉన్నాడని తెలిసి భార్య జైతున్ బీ అంత దూరం నడిచి వెళితే, సంత్రీ కసిరి పంపాడు. ఆ కంచె లోపల ఎవరుండాలో ఎవరు పోవాలో తేల్చే పెద్దమనిషి ఈ మేజరే.

“నేర్పుతా,” అన్నాడు జాన్ సాహెబ్. “కాని భద్రయ్య నా పని ఒక్కటి చేసి రావాలె.”

*

మర్నాడు పొద్దున హుసేన్ సాగర్ కట్ట మీద భద్రయ్య ముందే వచ్చి కూర్చున్నాడు. మనిషి నల్లగా, బలంగా, వల లాగి లాగి భుజాలు గుండ్రంగా తిరిగి ఉంటాడు. జాన్ సాహెబ్‌ను చూడగానే లేచి, తల మీది గుడ్డ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

“నీ నోటికాడి కూడు గుంజుకున్నట్టున్నది జాన్ భాయి. వద్దన్న. సేఠ్ ఇంటలే.”

“నువ్వు గాకుంటె ఇంకోడు. నువ్వయితే నా మాట ఇంటవ్. పట్టు కర్ర.”

భద్రయ్య గాలపు కర్రను గొడ్డలి పట్టినట్టు పట్టాడు. నీళ్ళలో పుట్టిన మనిషే గాని వల మనిషి. వలకు భుజం కావాలి, గాలానికి వేళ్ళు కావాలి. జాన్ సాహెబ్ అతడి పిడికిలి విప్పి, చూపుడువేలు దారం మీద ఆన్చి పెట్టాడు. గాలం కొక్కేన్ని సానరాయి మీద ఎలా రాయాలో, మొన పదునయిందో లేదో గోరు మీద ఎలా గీచి చూడాలో చూపించాడు. దారానికీ కొక్కేనికీ మధ్య జానెడు తీగ కట్టించాడు.

“ఈ తీగ ఎందుకే?”

“మేజరుకు కావాల్సిన సముద్రపు చేప పండుగప్ప. దాని చెంప కత్తి లెక్క ఉంటది. ఒట్టి దారం కడితే తెంపుకొని పోతది. ఇగ రొయ్య. బతికున్న రొయ్యే గుచ్చాలె, తోక కాడ. నీళ్ళల్ల అది కొట్టుకుంటుండాలె. సచ్చిన రొయ్యను పండుగప్ప మూతి సుత పెట్టది. పొద్దుగాల ఎప్పుడు పడితె అప్పుడు వేస్తే లాభం లేదు, పోటు షురూ అయినంక వెయ్యి. పోటెప్పుడో రేవు కాడ జాలరోళ్ళను అడుగు, చెప్తరు.”

భద్రయ్య అన్నిటికీ తల ఊపాడు. అసలు కష్టం ఆ తరవాత వచ్చింది. పండుగప్ప కరవగానే లాగకూడదు; దాన్ని కొంత దూరం పోనివ్వాలి, ఆగి మింగే దాకా చూసి అప్పుడు గుంజాలి. నోటితో ఎన్నిసార్లు చెప్పినా అది చేతికి ఎక్కదు. అందుకని జాన్ సాహెబ్ కొక్కెం విప్పేసి, దారం కొస తన పిడికిట్లో చుట్టుకుని, తానే చేపయ్యాడు. కట్ట మీద అటు నడిచాడు, ఆగాడు, చటుక్కున తిరిగి పరుగెత్తాడు. గడ్డం, షేర్వాణీ, ఊడిపోతున్న చెప్పులు. గుంజినప్పుడల్లా చెయ్యి ముందుకు వచ్చి తూలేవాడు. దారిన పోయేవాళ్ళు నవ్వారు. ఒక మిలిటరీ లారీ అక్కడికి వచ్చి నెమ్మదించింది. అందులోని జవాన్లు తొంగి చూసి, పిచ్చివాడనుకున్నట్టున్నారు, పోయారు. లారీ కనుమరుగయ్యే దాకా జాన్ సాహెబ్ కదలకుండా నిలబడ్డాడు. తరవాత మళ్ళీ పరుగెత్తాడు.

మూడో రోజుకు భద్రయ్య వేలు నేర్చింది. పిడికిలి విప్పిన జాన్ సాహెబ్ అరచేతిలో దారం కోసిన గీతలు ఎర్రగా ఉన్నాయి.

“ఇగ నా పని చెప్తా, యాదిపెట్టుకో. చేప నీళ్ళల్ల ఉండంగ ఏం అడగొద్దు. గట్టుకొచ్చినంక దొర సిగరెట్ ముట్టిస్తడు. రెండు దమ్ములు గుంజినంక మనసు మెత్తగుంటది. అప్పుడు చెప్పు, షంషీర్ షెడ్డు పనోడు, గా చొక్క షెడ్డు చొక్క అని. గంతే. ఇంక వేరే మాట ఎత్తకు.”

“నా బిడ్డ మీద ఒట్టు జాన్ భాయి. చెప్తా,” అన్నాడు భద్రయ్య.

*

శనివారం పొద్దున భద్రయ్య కట్ట మీదికి రాలేదు. ఎండ ముదిరే దాకా చూసి జాన్ సాహెబ్ అతడి గుడిసెకు వెళ్ళాడు. వాకిట్లో ఆడమనిషి ఏడుపు వినిపించింది.

భద్రయ్య కూతురు ఎల్లవ్వ జనగామ దిక్కు నుంచి తెల్లారి వచ్చిందట. కాళ్ళు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. గడప పక్కన చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. దాని మొగుడు సాయిలును, కమ్యూనిస్టు సంఘపోళ్ళకు అన్నం పెట్టాడని, మిలిటరీవాళ్ళు లారీ ఎక్కించుకు పోయారు. ఆ ఊళ్ళో నుంచి పట్టినవాళ్ళందరినీ అల్వాల్ అవతలి కంచెకే తెచ్చారని ఎవరో చెప్పారు.

“నాయినా, నువ్వు గా దొర వెంబడే పోతున్నవంట గదా,” అంది ఎల్లవ్వ. “ఒక్క మాట అడుగే. నీ కాల్మొక్త.”

భద్రయ్య తలెత్తేసరికి వాకిట్లో జాన్ సాహెబ్ నిలబడి ఉన్నాడు. జాన్ సాహెబ్‌కు ఆ పిల్లను చూసి జాలి వేసింది. ఆ జాలి వెనకే తన కొడుకు గుర్తొచ్చాడు. ఇంక అయిపోయింది, అనుకున్నాడు. కన్నకూతురు కాళ్ళ మీద పడి ఏడుస్తుంటే ఎవడైనా పరాయివాడి కొడుకు పేరెత్తుతాడా? తనయితే ఎత్తుతాడా?

“రైలు టైమైతున్నది భద్రయ్యా,” అన్నాడు చివరికి.

ఆ రెండు రోజులూ ఇంట్లో గడవడం కష్టమైంది. జైతున్ బీ వాకిలి వదలలేదు. ఆశ పెట్టుకోకు, అని కసిరాడు ఆమెను. మనసులో భద్రయ్యను తిట్టని తిట్టు లేదు. మూడు రోజులు తన చేతులు కోసుకుని నేర్పింది, ఎవడో సాయిలు కోసమా? మళ్ళీ తనకే సిగ్గేసేది. లేచి నమాజుకు నిలబడేవాడు. దువాలో కొడుకు పేరుతోపాటు భద్రయ్య మాట తప్పకూడదన్న కోరిక కూడా కలిసిపోయేది.

సోమవారం మధ్యాహ్నం భద్రయ్య నేరుగా స్టేషను నుంచి వచ్చి గుమ్మం ముందు కూలబడ్డాడు. జైతున్ బీ ఇచ్చిన నీళ్ళు గటగటా తాగాడు.

“నీ పని నాశనం చేసిన జాన్ భాయి. ఒక్క చేప పట్టలే.”

“ఏమయింది?”

“రొయ్యల డబ్బా, గాలాల బుట్ట జెట్టీ కింది మెట్టు మీద పెట్టిన. చెరువు కాడ అట్లనే పెడ్తం గద. పొద్దుందాక పెట్టింది పెట్టినట్టే ఉంటది. మేజరు పైన కుర్చీల కూసున్నడు, నేను కర్ర సరిజేస్తున్న. తిరిగి చూస్త, మెట్టు లేదు. డబ్బా లేదు. నీళ్ళు మీదికొస్తున్నయి! వాన లేదు, ఏం లేదు, ఉత్తగనే వస్తున్నయి! తుఫానొచ్చిందని మేజరును చెయ్యి పట్టి గుంజిన, ఉరుకున్రి అని.”

జాన్ సాహెబ్ నుదురు కొట్టుకున్నాడు. పోటు వేళకు గాలం వెయ్యమన్నాడు గాని, పోటంటే నీళ్ళు పైకి వస్తాయని చెప్పనే లేదు. అదీ చెప్పాలని తోచలేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పవలసిన పని పడలేదు మరి.

“మేజరు ఏమన్నడు?”

“నవ్విండు. కుర్చీల పడి నవ్విండు. తర్వాత మొకం మారింది. సముద్రమెన్నడన్న చూసినవా అని గద్దించిండు. లేదు హుజూర్ అన్న. మరి ఎవడు పంపిండు నిన్ను అన్నడు. ఇగ దాస్తే ఏమొస్తదని అంత చెప్పేసిన. అసలు మనిషి జాన్ సాహెబ్ హుజూర్, తురకోడని ఆపిన్రు, ఆయన కొడుకు మీ కంచెలనే ఉన్నడు, షెడ్డు చొక్క ఏసుకున్నందుకు, అని. సిగరెట్ లేదు, చేప లేదు, ఏం లేదు. చెప్పేసిన. విచారిస్త అన్నడు.”

జైతున్ బీ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. జాన్ సాహెబ్ మాత్రం భద్రయ్య ముఖమే చూస్తున్నాడు. అడగడానికి భయం వేసింది, అయినా అడిగాడు.

“సాయిలు సంగతి?”

“జనగామ అన్ననో లేదో, కండ్లు ఎర్రజేసిండు. అక్కడ వాళ్ళ జవాను సచ్చిండంట. ఒక్క అబద్ధం కాడ దొరికినోణ్ణి, రెండో మాట ఎట్ల నమ్ముతడు? మింగేసిన.” భద్రయ్య చెంబు కింద పెట్టాడు. “వచ్చే శనివారం మళ్ళ పోతడంట. అసలు మనిషిని తోలుమన్నడు. నువ్వు పోతవు గద జాన్ భాయి. నువ్వడుగు. నీ మాటకు విలువుంటది.”

“అడుగుతా,” అన్నాడు జాన్ సాహెబ్. ఆ క్షణంలో అతడికి భద్రయ్య కోసం ప్రాణమైనా ఇవ్వాలనిపించింది. “ఖుదా కసం, అడుగుతా.”

*

షంషీర్ గురువారం నాడు ఇంటికి వచ్చాడు. వెంట ఎవరూ లేరు. సందు మొదట్లో నిలబడి, ఇంట్లోకి రావచ్చో లేదో తెలియనివాడిలా చూస్తుంటే పక్కింటివాళ్ళు చెయ్యి పట్టి తెచ్చారు.

తల్లి అన్నం కలిపి పెడితే ముద్ద నోటికి చేరకముందే కింద పడేసుకున్నాడు. వీధిలో ఎవరి బూట్ల చప్పుడైనా గోడ వైపు తిరిగి కూర్చుంటున్నాడు. ఏం చేశారు బిడ్డా, అని జైతున్ బీ అడిగింది. ఏం చెయ్యలేదు అమ్మీ, అన్నాడు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు. వీపు మీద చొక్కా ఎత్తి చూడబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. జాన్ సాహెబ్ లేచి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కొడుకు తిరిగి వచ్చాడన్న సంతోషం ఇలా ఉంటుందని అతడు అనుకోలేదు.

మధుసూదన్ కబురు పంపాడు. “టోపీ పెట్టుకొనే పో జాన్ సాబ్. మేజరే రమ్మన్నంక ఎవడేమంటడు?” అన్నాడు, ఇదంతా తానే సాధించినట్టు.

శనివారం బయలుదేరే ముందు జాన్ సాహెబ్ తీగలు చుట్టుకుంటుంటే జైతున్ బీ వచ్చి ఎదురుగా కూర్చుంది.

“షంషీర్ అబ్బా, గా సాయిలు మాట ఎత్తకు.”

“కసం తిన్న.”

“తింటే తిన్నవు. పాపం నా మీద రాయమను ఖుదాను. వీడు రజాకారని పట్టిన్రు, కాదని ఇడిసిన్రు. ఇప్పుడు నువ్వు పోయి కమ్యూనిస్టోని కోసం చెయ్యి చాపితే, అబ్బో వీళ్ళు వాళ్ళ దోస్తులని మళ్ళ పట్టరా? ఈసారి వాడు బతుకుతడా?”

“భద్రయ్య మన కోసం అడిగిండు జైతున్.”

“అడిగిండు. నేను చచ్చేదాక ఆయన పేరు తల్చుకుంట. కాని నా కొడుకును ఇయ్య.”

లోపలి నుంచి షంషీర్ దగ్గు వినిపించింది. జాన్ సాహెబ్ తీగను మళ్ళీ మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. స్టేషనులో భద్రయ్య, ఎల్లవ్వ వచ్చి నిలబడ్డారు. సామాను ఎక్కించడానికి భద్రయ్య తానే భుజం పట్టాడు. ఏం గుర్తు చేయలేదు. గుర్తు చేసి ఉంటే జాన్ సాహెబ్‌కు కొంత తేలికయ్యేదేమో.

*

బందరు రేవు మీద ఆదివారం పొద్దు చల్లగా ఉంది. జెట్టీ చెక్కలు కొన్ని పుచ్చిపోయాయి గాని నిలబడే చోటు పాతదే. జాన్ సాహెబ్ బుట్టను పై మెట్టు మీద పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళ రంగు చూశాడు. గుంజల దగ్గర నురుగు అటు నుంచి ఇటు తిరిగింది. పోటు మొదలైంది. రొయ్యను తోక దగ్గర గుచ్చి, కర్రను మేజరు చేతికిచ్చి, మూడో గుంజ అవతల పడేలా వేయించాడు.

మేజరు మంచి వయసులో ఉన్న మనిషి. గట్టిగా నవ్వుతాడు. హిందుస్తానీలో సముద్రం గురించి, పెళ్ళాం పిల్లల గురించి కబుర్లు చెప్పాడు. మనిషి మీద కోపం రావడానికి ఏమీ దొరకలేదు జాన్ సాహెబ్‌కు. షంషీర్ వీపు గుర్తు తెచ్చుకుని చూశాడు. అయినా ఈ నవ్వే ముఖానికీ ఆ వీపుకూ ముడి పడలేదు.

దారం బిగిసింది.

“పోనివ్వండి హుజూర్. ఇంకా. ఇంకా... ఇప్పుడు!”

నీళ్ళు బద్దలై పండుగప్ప వెండిలా లేచి పడింది. మేజరు చిన్నపిల్లవాడిలా అరిచాడు. చాలాసేపు అది కిందికి గుంజింది, ఇతడు పైకి చుట్టాడు. జాన్ సాహెబ్ చెక్క మీద బోర్లా పడుకుని చేతివల నీళ్ళలోకి దించి దాన్ని ఎత్తాడు. ఇద్దరి బట్టలూ తడిసిపోయాయి. మేజరు చెక్కల మీదే కూలబడి, రొప్పుతూ, సిగరెట్టు తీసి ముట్టించాడు.

మొదటి దమ్ము. రెండో దమ్ము. సాయిలు పేరు నాలుక చివరికి వచ్చింది.

“నీ కొడుకు ఎట్లా ఉన్నాడు?” అన్నాడు మేజరు.

“హుజూర్ దయ. ఇంట్లో ఉన్నాడు.”

“నా పూచీ మీద వదిలాను. తెలుసు కదా? వాడు ఎవరితో తిరుగుతాడో, మీ ఇంటికి ఎవరు వస్తారో, కాస్త చూసుకో. రోజులు బాగా లేవు.” పొగ వదిలి, చేప వైపు ప్రేమగా చూశాడు. “ఇంత చేప నా జన్మలో పట్టలేదు. అడుగు జాన్ సాహెబ్, నీకింకా ఏమైనా కావాలా?”

ఇంతకంటే తెరిచిన తలుపు ఏ మనిషికీ దొరకదు. ఇటువంటి ఘడియ కోసమే కదా భద్రయ్యను మూడు రోజులు కట్ట మీద తిప్పి తిప్పి నేర్పాడు. నోరు తెరిచాడు కూడా. మీ ఇంటికి ఎవరు వస్తారో, అన్న మాట చెవిలో ఉంది. ఇంటికి వచ్చి గుమ్మం ముందు కూలబడేది భద్రయ్య. గోడ వైపు తిరిగి కూర్చునేది షంషీర్.

“ఇంకేం లేదు హుజూర్,” అన్నాడు. “ఇంకేం కావాలి నాకు?”

మేజరు తృప్తిగా తల ఊపి, మరో రొయ్య గుచ్చమన్నాడు. జాన్ సాహెబ్ గుచ్చాడు. కొక్కెం సరిగ్గా తోక దగ్గరే దిగింది. అందుకు అతడికే ఆశ్చర్యం వేసింది.

*

సికింద్రాబాదు స్టేషనులో రైలు ఆగేసరికి భద్రయ్య ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. పక్కన ఎల్లవ్వ. వారం రోజుల్లో ఆ పిల్ల సగమైంది. మేజరు జీపెక్కి వెళ్ళే దాకా ఇద్దరూ దూరంగా ఒదిగి నిలబడి, తరవాత దగ్గరికి వచ్చారు.

దారి పొడుగునా జాన్ సాహెబ్ ఒక్కటే అనుకుంటూ వచ్చాడు: నిజం చెప్పేస్తా. అడగలేకపోయాను, నా కొడుకు అడ్డమొచ్చాడు, తిట్టు, కొట్టు, అని భద్రయ్య చేతులు పట్టుకుంటా. భద్రయ్య అర్థం చేసుకుంటాడు. అతడూ బిడ్డలున్నవాడే.

“జాన్ భాయి,” అన్నాడు భద్రయ్య. అంతకు మించి అడగలేదు.

ఎల్లవ్వ రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని అతడి నోటినే చూస్తోంది. ఆ చూపు ముందు, దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ జారిపోయాయి.

“అడిగిన,” అన్నాడు జాన్ సాహెబ్.

“ఏమన్నడు?”

“ఆఁ... చూస్తనన్నడు. కోపం చెయ్యలే. జెర టైం పడ్తదన్నడు.”

ఒక్కో మాటా తరవాతి మాటను లాక్కొచ్చింది. భద్రయ్య ఒక్కసారి ఊపిరి వదిలి, వంగి అతడి కాళ్ళు పట్టుకున్నాడు. జాన్ సాహెబ్ అదిరిపడి లేవనెత్తబోయాడు. ఆ గుండ్రటి భుజాలు లేవలేదు.

“నీ కొడుకు ఇంటికొచ్చి వారం గాలే,” అంటున్నాడు భద్రయ్య కింద నుంచే. “ఇంక గాయాలు సుత మానలే. అయినా గా మాట ఎత్తినవ్. ఎవడెత్తుతడే జాన్ భాయి? సొంత అన్న సుత ఎత్తడు.”

జనం పక్క నుంచి పోతున్నారు. ఒకరిద్దరు ఆగి చూశారు. భద్రయ్య లేచి, కళ్ళు తుడుచుకుని, సామాను బుట్ట తన తలకెత్తుకున్నాడు. వద్దన్నా వినలేదు.

ఎల్లవ్వ ముఖం కొంగుతో తుడుచుకుంది. అన్ని రోజుల తరవాత గొంతులో కొంచెం జీవం వచ్చింది.

“చిచ్చా, ఆయన ఇడువంగనే సీద ఊరికే వస్తడు. ఇంటికి తాళమేసొచ్చిన. నేను ఇయ్యాల్నే పోయి, ఇల్లు అలికి, పొయ్యి ముట్టిచ్చి పెట్టుకోనా?”

ఆ ఊరికి రోజూ మిలిటరీ లారీలు పోతున్నాయని, దొరికినవాళ్ళను ఎక్కించుకొస్తున్నాయని జాన్ సాహెబ్‌కు తెలుసు. రైల్లో మేజరే చెప్పాడు. ఎల్లవ్వ జవాబు కోసం చూస్తోంది.

“పో బిడ్డా,” అన్నాడు. “అలికి పెట్టుకో.”